చెట్టు చుట్టూ ముగ్గు పోయాలి

ఒమాన్‌లో ఉత్తర బాతినా తీరం మీద, సోహార్‌కూ ఖాబూరాకూ నడుమ ఉన్న ఊరు సహం. సముద్రం పక్కన ఖర్జూరపు తోటలు, వాటి నీడలో మామిడి, నిమ్మ చెట్లు కనిపిస్తాయి. హజర్ కొండల వైపు నడిచేకొద్దీ తోటలు పలచబడి గులకరాళ్ళ మైదానం మొదలవుతుంది. అక్కడ ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా పెరిగిన గాఫ్, సిద్ర్, సమ్ర్ చెట్లు దూరదూరంగా నిలబడి ఉంటాయి. ఊరు ఇప్పుడు ఆ మైదానం వైపే పెరుగుతోంది. కొత్త స్థలంలో ఇల్లు మొదలుపెట్టే ప్రతిచోటా మొదటి మాట "ముందు చదును చేయిద్దాం" అన్నదే. చదునంటే జేసీబీ వస్తుంది, జేసీబీ వచ్చిందంటే చెట్టు పోతుంది. ఎవరైనా కాస్త వెనకాడితే, ఇల్లయ్యాక నాలుగు మొక్కలు నాటుకోవచ్చులే అన్న ఓదార్పు సిద్ధంగా ఉంటుంది.

ఈ ఆలోచన ఒమానీ యజమానులది మాత్రమే అనుకుంటే పొరపాటు. అక్కడ నక్షాలు గీసేవాళ్ళలో, సెంట్రింగ్ కొట్టేవాళ్ళలో, వైరింగ్ లాగేవాళ్ళలో తెలుగువాళ్ళున్నారు. సహంలో మామూలు ఇంటి స్థలం కొనుక్కునే వీలు విదేశీ ఉద్యోగికి లేదు కాబట్టి వాళ్ళ సొంత ఇల్లు కోనసీమలోనో, కడప జిల్లాలోనో, జగిత్యాల పక్కనో లేస్తుంది. అక్కడ కూడా వరస మారదు. గల్ఫ్ డబ్బు చేతికందగానే తాత నాటిన మామిడి కొట్టించి, పెరడంతా సిమెంటు పోయించి, రెండంతస్తుల డాబా లేపుతారు. ఒక దేశంలో నేర్చుకున్న పద్ధతి ఇంకో దేశంలో స్థిరపడుతోంది. అందుకే ఈ వాదాన్ని సహంలోనే నిలదీయాలి.

స్థలంలో ఎదిగిన చెట్టు ఉంటే ఇంటి కట్టడం అప్పటికే మొదలైనట్టు లెక్క. సిమెంటు, ఇనుము, రాయి, ఏసీ, సోలార్ పలకలు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. నలభై ఏళ్ళ నీడను ఏ దుకాణమూ అమ్మదు. అందుచేత ఆ నీడ పడే చోటు ఆధారంగా గదులు సర్దుకోవాలి తప్ప, గదుల కోసం నీడను తీసేయకూడదు. చెట్టు కొట్టాలనేవాళ్ళు చెప్పే కారణాలు చాలా ఉన్నాయి. కొన్నిటిలో నిజం కూడా ఉంది. వాటిని ఒక్కొక్కటిగా పరిశీలిస్తే చెట్టును బతికించే దారి ఆ నిజాల్లోనే దొరుకుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా నమ్మించే మాట "మళ్ళీ నాటుకుందాం" అన్నది. సహం మైదానంలో నిలబడ్డ గాఫ్ ఎవరో కాదు, తెలంగాణ రాష్ట్ర వృక్షమైన జమ్మి. దసరా రోజున బంగారమని పెద్దల చేతిలో పెట్టి దండం పెట్టుకునే ఆకు ఈ చెట్టుదే. దీని తల్లివేరు ముప్పై మీటర్ల లోతు దాకా దిగి నీళ్ళు వెతుక్కోగలదు. బహ్రెయిన్ ఎడారిలో జీవవృక్షమని పేరుపడ్డ చెట్టు కూడా జమ్మే. చుట్టుపక్కల కంటికి కనబడే నీటి చుక్క లేకుండా సుమారు నాలుగు వందల ఏళ్ళుగా బతుకుతోంది. అంత లోతుకు వేరు దిగడానికి ఎన్నేళ్ళు పడుతుందో, ఆ ఏళ్ళన్నీ కొత్త మొక్కకు మనిషే నీళ్ళు పోయాలి.

ఆ నీళ్ళెక్కడివి? బాతినా తీరంలో 1970ల నుంచి మోటార్లు పెట్టి విపరీతంగా తోడటంతో భూగర్భజలం తగ్గి, ఆ ఖాళీలోకి సముద్రపు నీరు చొచ్చుకొచ్చింది. తీరం పక్కన ఎన్నో తోటలు ఉప్పుకు ఎండిపోయాయి. ఇప్పుడు ఇంటి కుళాయిలో వచ్చే నీటిలో పెద్ద వంతు సోహార్, బర్కా లాంటి చోట్ల కరెంటు ఖర్చుపెట్టి సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసి పంపేదే. పాత గాఫ్ తన నీళ్ళు తానే తెచ్చుకునేది. దాని స్థానంలో వచ్చిన మొక్క వేసవంతా ఆ ఖరీదైన నీళ్ళు తాగుతూ, చాలాసార్లు తాగి కూడా చచ్చిపోతుంది. 2020లో ఒమాన్ కోటి చెట్లు నాటే జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. మెచ్చుకోదగ్గ పని. అయితే ఒక పక్క ప్రభుత్వం మొక్కకు గుంత తవ్వుతుంటే ఇంకో పక్క ఇంటి యజమాని మానును కూలదోస్తే, ఆ లోటు పూడడానికి ఒక తరం కావాలి.

ఇక వేడి సంగతి. ఏసీ ఉండగా నీడ దేనికని అడుగుతారు. 2018 జూన్ 26న, ఇదే ఒమాన్ సముద్ర తీరంలో మస్కట్‌కు ఆగ్నేయంగా ఉన్న ఖురియాత్‌లో ఇరవై నాలుగు గంటల పాటు ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కిందికి దిగలేదు. రాత్రి కూడా చల్లబడని తీరం ఇది. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు ఇక్కడ ఎండు ప్రాంతాల్లో చల్లబరిచినంతగా గాలిని చల్లబరచదు. ఆ మేరకు చెట్టును పొగిడేవాళ్ళు కూడా జాగ్రత్తగా మాట్లాడాలి. ఈ తీరంలో చెట్టు చేసే అసలు మేలు ఎండను గోడ దాకా రానీయకపోవడం.

సహం దాదాపు 24 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్ చివర్లో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన నిలుస్తాడు. అప్పుడు కాగేది కప్పు. ఆ వేడిని ఆపాల్సింది కప్పు మీద వేసే ఇన్సులేషన్, తెల్లటి పూత. మధ్యాహ్నం తిరిగాక సూర్యుడు పడమరకు, వేసవిలో కాస్త వాయవ్యానికి వాలి నేరుగా గోడను కొడతాడు. కిటికీ పైన కట్టే సన్‌షేడు ఆ వాలు ఎండను ఆపలేదు. సిమెంటు దిమ్మెల గోడ సాయంత్రం దాకా వేడిని తాగి, ఇంట్లో వాళ్ళు పడుకునే వేళకు లోపలికి వదులుతుంది. ఏసీ రాత్రంతా తోడిపోసేది ఆ వేడినే. పడమటి గోడ ముందు పది మీటర్ల గాఫో, దట్టమైన సిద్రో ఉంటే ఆ ఎండ ఆకుల మీదే ఆగిపోతుంది. ఏసీ బయటి యూనిట్ ఆ నీడలోనే పెడితే దాని శ్రమ కూడా తగ్గుతుంది.

బాతినా పెద్దలకు ఇది తెలియని సంగతి కాదు. ఖర్జూరపు మట్టలతో అల్లిన అరీష్ ఇళ్ళలో, తోట నీడలో, మట్టల సందుల్లోంచి సముద్రపు గాలి తగిలేలా వాళ్ళు వేసవి గడిపేవారు. ఆ ఇళ్ళకు తిరిగి పొమ్మని ఎవరూ అనరు. నీడ ఎక్కడుందో చూసుకుని ఇల్లు వేసుకున్న ఆ వివేకాన్ని కాంక్రీటు ఇంటికి తెచ్చుకోవడమే ఇప్పుడు కావలసింది.

తర్వాతి అభ్యంతరం మేస్త్రీలది. వేళ్ళు పునాదిని పగలగొడతాయని వాళ్ళ భయం. ఈ భయం పూర్తిగా అబద్ధం కాదు గానీ, ఒకచోటి అనుభవాన్ని అన్నిచోట్లకూ పూయడం వల్ల పెరిగింది. చెట్ల వల్ల పునాదులు కుంగిన ఉదాహరణల్లో ఎక్కువ భాగం తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే బంకమట్టి నేలల్లోవి. వేసవిలో చెట్టు ఆ నేలలోని తేమ పీల్చేస్తే మట్టి కుంచించుకుపోతుంది, దాని మీది పునాది దిగుతుంది. సహం మైదానం వాదీలు, అంటే వానకు పారే ఏర్లు, కొండల నుంచి మోసుకొచ్చి పరిచిన గులకరాయి, ఇసుక. ఆ నేల అలా ఉబ్బదు, కుంగదు. నల్లరేగడిలో ఎదురైన చిక్కును సహంలోని గాఫ్ మెడకు చుట్టడం అన్యాయం.

నల్లరేగడి నేలల్లో ఇల్లు కట్టుకునే గుంటూరు, ఆదిలాబాద్ వాళ్ళ సంగతేమిటి? అక్కడ చెట్టు కొట్టడం వల్లే ప్రమాదం రావచ్చు. ఏళ్ళ తరబడి నీళ్ళు పీల్చిన చెట్టు ఒక్కసారిగా పోతే ఆ నేలకు తేమ తిరిగి చేరుతుంది, మట్టి ఉబ్బి పైన కట్టిన గోడను ఎత్తుతుంది. చెట్టు కొట్టిన వెంటనే కట్టిన ఇంటికి బీటలు రావడానికి ఇదొక కారణం. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ నల్లరేగడి కోసమే అడుగున గంటలా వెడల్పయ్యే అండర్‌రీమ్డ్ పైళ్ళను అభివృద్ధి చేసింది. సన్నటి గుంటల్లోంచి మూడు, నాలుగు మీటర్ల కిందికి, తేమ మారని పొర దాకా అవి దిగుతాయి. నేలంతా కందకాలు తవ్వే పని తప్పుతుంది, వేళ్ళూ తెగవు. ఇంటికి, చెట్టుకు రెంటికీ మేలు చేసే పునాది మన దేశంలోనే తయారై ఉండగా మేస్త్రీ గొడ్డలి వైపు ఎందుకు చూడాలి?

వేళ్ళు పైపుల్లో దూరుతాయన్నది ఇంకో ఫిర్యాదు. వేరు తేమను వెతుక్కుంటూ పోతుంది, కారే అతుకు దొరికితే లోపలికి పోతుంది. అతుకు కారకపోతే దానికి అక్కడ పనే లేదు. సిమెంటుతో పూసిన పాత మట్టి గొట్టాలకు ఈ బెడద ఎక్కువ. సరిగ్గా అతికించిన ప్లాస్టిక్ గొట్టాలకు తక్కువ. ప్లంబరు బాధ్యతను చెట్టు మీదికి నెట్టకూడదు.

చాలామంది చివరికి పట్టుకునేది స్థలం చాలదన్న వాదం. ఒమాన్‌లో ప్రభుత్వం ఇచ్చే ఇంటి స్థలం సాధారణంగా 600 చదరపు మీటర్లు. అంత చోటులో కారు, మజ్లిస్ (అతిథుల గది), వంటిల్లు, నాలుగు పడకగదులు పెట్టాలి, చెట్టుకు చోటెక్కడ అంటారు. లెక్క వేసి చూద్దాం. కట్టడాల దగ్గర చెట్లను కాపాడే బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5837 ఒక తేలికైన కొలత చెబుతుంది. నేల నుంచి మీటరున్నర ఎత్తులో మాను అడ్డుకొలతను పన్నెండుతో హెచ్చిస్తే, ఆ దూరం దాకా చుట్టూ నేలను ముట్టుకోకూడదు. మాను 40 సెంటీమీటర్ల లావుంటే చుట్టూ 4.8 మీటర్లు వదలాలి. ఆ వలయం వైశాల్యం సుమారు 72 చదరపు మీటర్లు, అంటే స్థలంలో ఎనిమిదో వంతు కూడా లేదు. మాను అర మీటరు లావైతే 113 చదరపు మీటర్లు, అంటే ఐదో వంతు లోపు. రోడ్డు వైపు, ఇరుపక్కల నిబంధనల ప్రకారం ఖాళీ ఎలాగూ వదలాలి. చెట్టు ఆ పక్కకు ఉంటే వలయంలో చాలా భాగం అందులోనే కలిసిపోతుంది. ఇప్పుడు ఆ ఖాళీల్లో ఇంటర్‌లాక్ టైల్స్ పరిచి మధ్యాహ్నం కాలు పెట్టలేని పెనం చేస్తున్నారు. చోటు లేక చెట్టు పోతోందన్నది ఈ కొలతల ముందు నిలబడదు.

చెట్టు స్థలం నడిమధ్యలో ఉన్నా దారి మూసుకుపోదు. ఒమానీ ఇంటికి రెండు ముఖాలుంటాయి. అతిథుల కోసం విడిగా తలుపున్న మజ్లిస్ ఒకటి, ఆడవాళ్ళు, పిల్లలు తిరిగే లోపలి ఇల్లు ఒకటి. ఈ రెంటినీ వేరు చేయడానికి ఇప్పుడు నడవాలు, అడ్డుగోడలు కడుతున్నారు. చెట్టున్న ముంగిలిని నడుమ వదిలి, వీధి వైపు మజ్లిస్, అవతల కుటుంబం ఉండేలా మూడు పక్కల ఇల్లు వేస్తే ఆ వేరు దానంతట అదే ఏర్పడుతుంది. పక్కింటి మేడ మీది కిటికీల నుంచి ఆడవాళ్ళకు మరుగూ దొరుకుతుంది. పది అడుగుల ప్రహరీ కూడా ఇవ్వలేని మరుగు అది. తెలుగువాళ్ళకు ఈ అమరిక కొత్త కాదు. నడుమ ఆకాశం కనబడే మండువా లోగిళ్ళలో గోదావరి, కృష్ణా జిల్లాల కుటుంబాలు తరాల పాటు బతికాయి. ఆ నడిమి ఖాళీలో అప్పటికే ఎదిగిన చెట్టుండటం సహం ఇంటి అదృష్టం.

ఇలాంటి ఇళ్ళు డబ్బున్నవాళ్ళ సరదా అన్న మాట వినబడుతుంది. దానికి ఆధారం పత్రికల్లో వచ్చే బొమ్మలు, స్లాబును చీల్చుకుని పైకి లేచిన చెట్లు. 1925లో పారిస్ ప్రదర్శనలో వాస్తుశిల్పి లె కార్బూజియే కట్టిన మంటపం కప్పుకు రంధ్రం చేసి చెట్టును పైకి పోనిచ్చారు. 1962లో వెనిస్‌లో స్వెర్రె ఫెన్ కట్టిన నార్డిక్ మంటపంలో మాన్లు కాంక్రీటు దూలాల మధ్యలోంచి లేచాయి. రెండూ గొప్ప కట్టడాలే గానీ, రెండూ ప్రదర్శన మంటపాలు, కుటుంబం కాపురముండే ఇళ్ళు కావు. మాను ఏటా లావెక్కుతుంది, గాలికి ఊగుతుంది. దాని చుట్టూ స్లాబు బిగిస్తే ఈ రోజు కాకపోతే పదేళ్ళకు అక్కడ వాన కారుతుంది. సహం ఇంటికి కావలసింది కప్పులో చెట్టు కాదు, ఇంటి పక్కన చెట్టు. దానికి ఆదర్శం వాస్తుశిల్పి లారీ బేకర్. 1970ల తొలి ఏళ్ళలో తిరువనంతపురం ఉళ్ళూరులో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ కట్టినప్పుడు ఆయన నేల వాలును, అక్కడున్న చెట్లను ముందు చూసుకుని గోడలను వాటి నడుమ వంపులు తిప్పారు. ఇటుక, సున్నం, జల్లెడ గోడలతో పొదుపుగా కట్టడానికి దేశమంతా పేరుపడ్డ మనిషి ఆయన. ఆయన చేతిలో చెట్టును వదలడం పొదుపులో భాగమైంది. చెట్టు ఉన్నచోట నేల చదును చేయక్కర్లేదు, మట్టి ఎత్తిపోయక్కర్లేదు, పడమటి గదికి అదనపు ఏసీ అక్కర్లేదు.

తుఫాను భయాన్ని మాత్రం తేలిగ్గా తీసేయకూడదు. తీరవాసులకు అది కళ్ళ ముందు జరిగిన అనుభవం. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర తీరం దాటింది. దాని శేషం దక్కన్ మీదుగా పడమరకు పోయి అరేబియా సముద్రంలో మళ్ళీ బలం పుంజుకుంది. షాహీన్ అన్న కొత్త పేరుతో అక్టోబరు 3న బాతినా తీరాన్ని తాకింది. సహానికి పొరుగున ఉన్న ఖాబూరాలో 300 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసింది. ఏడాదంతా కలిపినా వంద మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే తీరం అది. ఒకే తుఫాను ఒకే వారంలో శ్రీకాకుళాన్నీ సహాన్నీ తడిపింది. ఆ తర్వాత రెండుచోట్లా ఒకటే పాఠం చెప్పుకున్నారు: ఇంటి పక్కన చెట్టుండకూడదని.

ఆ పాఠం తప్పు. గాలికి ఏ చెట్టు పడుతుందో చూడాలి. పునాది కందకం కోసం ఒక పక్క వేళ్ళన్నీ నరికేసిన చెట్టు ఆ పక్క పట్టు లేక కూలుతుంది. మాను మొదట్లో సిమెంటు బిగించి వేళ్ళకు గాలి, నీరు అందకుండా చేసిన చెట్టు లోపల కుళ్ళి కూలుతుంది. కరెంటు తీగల కోసం ఒకవైపే కొమ్మలు కొట్టిన చెట్టు బరువు తప్పి ఒరుగుతుంది. ఈ మూడూ మనిషి చేతి పనులే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను ఊపేసినప్పుడు నగరం లెక్కలేనన్ని చెట్లను పోగొట్టుకుంది. త్వరగా పెరుగుతాయని రోడ్ల పక్కన నాటిన, లోతు వేళ్ళు లేని చెట్ల గురించి నగరం ఆలోచించడం మొదలుపెట్టింది అప్పుడే. సహం మైదానంలోని గాఫ్ అలాంటి చెట్టు కాదు. దాని పట్టు లోతుల్లో ఉంది. ఆ పట్టును కోయకుండా ఉంటే చాలు.

షాహీన్ తెచ్చిన ముప్పులో పెద్దది వాదీల వరద. వరదలో చెట్టు ఏం చేయగలదో హైదరాబాదుకు తెలుసు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. తర్వాత అదే ఆవరణలో ఉస్మానియా ఆసుపత్రి భవనం లేచింది. చింతచెట్టును మాత్రం అలాగే ఉంచారు. ఒక మహానగరపు పెద్దాసుపత్రి తన ఆవరణలో పాత చెట్టుకు చోటిచ్చింది. నాలుగు పడకగదుల ఇల్లు ఇవ్వలేనంటే నమ్మడం కష్టం.

వరద భయంతో సహంలో కొత్తగా ఇంకో నష్టం జరుగుతోంది. స్థలాన్ని మీటరెత్తు మట్టితో పూడ్చి ఎత్తు చేస్తే, కొట్టకుండా వదిలిన చెట్టు కూడా రెండు మూడేళ్ళలో చస్తుంది. వేళ్ళలో ఎక్కువ భాగం నేల పైపొరలోనే, మీటరు లోతు లోపలే పరుచుకుని ఉంటాయి. వాటికి గాలి కావాలి. మీద మట్టి పడితే ఊపిరాడదు. ఇంటిని ఎత్తు చేయాల్సిందే. ప్లింత్‌ను ఎత్తండి, మెట్లు పెంచండి, చెట్టున్న చోటు మాత్రం పాత మట్టంలోనే ఉండనివ్వండి. వాన నీరు చేరడానికి కూడా ఆ పల్లం పనికొస్తుంది.

సోలార్ పలకలకు చెట్టు అడ్డమనే మాట కొత్త తరానిది. 2017లో ఒమాన్ తెచ్చిన సాహిమ్ పథకం ఇంటి కప్పు మీద కరెంటు పండించుకుని మిగిలింది గ్రిడ్డుకు ఇచ్చే వీలు కల్పించింది. పర్యావరణం మీద ప్రేమతోనే పలకల కోసం చెట్టు కొట్టేవాళ్ళు ఉండటం బాధ కలిగిస్తుంది. సూర్యుడు నడినెత్తిన ఉన్న వేళ చెట్టు నీడ చెట్టు కిందే పడుతుంది. పలకలు ఎక్కువ కరెంటు ఇచ్చేది ఆ వేళల్లోనే. పడమట ఉన్న చెట్టు నీడ కప్పు మీదికి పాకేసరికి సాయంత్రం దగ్గరపడుతుంది. పలకలను కప్పు తూర్పు, దక్షిణ భాగాలకు జరిపితే ఆ కాస్త గొడవా తీరుతుంది.

తెలుగువాళ్ళ దగ్గర ఇంకొక వాదం ఉంది, వాస్తు. ఫలానా దిక్కున చెట్టు దోషమని, ముళ్ళ చెట్టు ఇంటి దగ్గర ఉండకూడదని చెప్పి సిద్ధాంతి మాట మీద మాను కొట్టించినవాళ్ళు ఊరూరా ఉన్నారు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో వాస్తువిద్య అధ్యాయం ముళ్ళ చెట్లు ఇంటి దగ్గరుంటే మంచిది కాదని చెప్పిన మాట నిజమే. ఆ వెంటనే, అలాంటి చెట్లను కొట్టకపోతే వాటి నడుమ శుభకరమైన చెట్లు నాటమని కూడా చెబుతుంది. నాటమన్న వాటిలో పున్నాగ, అశోకం, పొగడ, పనసతో పాటు జమ్మి కూడా ఉంది. సిద్ధాంతులు సగం చదివి చెప్పిన శాస్త్రానికి చెట్లు బలి కావాల్సిన అవసరం లేదు. ఆంధ్ర, తెలంగాణల్లో అయితే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి. శంకుస్థాపన ముహూర్తానికి ముందు ఆ సంగతి గుర్తు చేసే సిద్ధాంతులు పెరగాలి.

ఆకులు రాలతాయి, పిట్టలు రెట్టలు వేస్తాయి, చీమలు వస్తాయి అన్న ఫిర్యాదులు నిజం. నీళ్ళ ట్యాంకుకు మూత, వాన గొట్టాలకు జాలీ, ఏడాదికోసారి ఎండు కొమ్మల కోత వీటికి చాలు. సిద్ర్ ఆకును ఒమానీ ఆడవాళ్ళు తల రుద్దుకోవడానికి వాడతారు. మన రేగుకు చాలా దగ్గరి చుట్టమైన దాని పండు పిల్లలు తింటారు. దాని పూల తేనెకు అరబ్బు దేశాలన్నిటా మంచి ధర ఉంది. రాలిన ఆకును చెత్త అనుకోవడం నేర్చుకున్న అలవాటు, అలవాటును మార్చుకోవచ్చు.

ప్రతి చెట్టునూ ఉంచాలని ఈ వాదం చెప్పదు. సర్కారు తుమ్మ ఒమాన్‌లో కూడా చొరబడి గాఫ్‌కు చోటు లేకుండా చేస్తోంది. దాన్ని వేళ్ళతో పెకలించడం మేలు. పచ్చటి గోడలా పెరుగుతుందని గల్ఫ్ అంతటా నాటిన కోనోకార్పస్ నీటి గొట్టాలను వెతుక్కుని పోయే రకం. తెలంగాణ ప్రభుత్వం కూడా దాన్ని నాటడం ఆపించింది. మాను లోపల డొల్లయి, ఇంటి వైపు వాలిన చెట్టును తెలిసినవాళ్ళకు చూపించి తీసేయాలి. ఖర్జూరం సంగతి వేరు. దానికి తల్లివేరు లేదు, మొదట్లోంచి పీచు వేళ్ళు కొత్తగా పుడతాయి. ఎదిగిన చెట్టును కూడా జాగ్రత్తగా తవ్వి పక్కకు జరిపి నాటవచ్చు, బాతినా రైతులకు అది తెలిసిన విద్యే. గాఫ్‌ను అలా జరపడం కుదరదు. అందుకే ఖర్జూరాన్ని జరిపినంత ధైర్యంగా గాఫ్‌ను కదిలిస్తామనే కాంట్రాక్టరును నమ్మకూడదు.

ఒమాన్‌లో ఇంటి స్థలానికి క్రూకీ అనే కొలతల పటం ఇస్తారు. హద్దులు, మూలలు, పక్క స్థలాలు అందులో ఉంటాయి. మాను ఎక్కడుందో, ఎంత లావో, కొమ్మలు ఎంత దూరం పరుచుకున్నాయో అందులో ఉండదు. నక్షా గీసే ఇంజనీరు కార్యాలయంలో కూర్చుని ఆ పటం మీదే గదులు సర్దేస్తాడు. చెట్టు సంగతి అతనికి తెలిసేసరికి కాగితం మీద దాని చోట మెట్లు వచ్చేసి ఉంటాయి. తప్పు మొదలయ్యేది అక్కడ. దాన్ని సరిచేయడానికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. యజమాని, ఇంజనీరు, మేస్త్రీ కలిసి ఒక రోజు ఉదయం టేపు పట్టుకుని స్థలానికి వెళితే చాలు.

మాను లావు కొలిచి పన్నెండు రెట్ల దూరంలో నాలుగు మేకులు పాతి కంచె కట్టాలి. ఇల్లు పూర్తయ్యేదాకా ఆ కంచె లోపలికి లారీ, ఇసుక కుప్ప, కాంక్రీటు కలిపే మిషను ఏదీ రాకూడదు. సిమెంటు కడిగిన నీళ్ళు అందులో పారబోయకూడదు. మధ్యాహ్నం నాలుగింటికి నీడ ఎక్కడ పడుతోందో చూసి, పడకగదులు, వంటిల్లు ఆ నీడ పడే చోట గీయాలి. కంచె దగ్గరికి వచ్చే గోడకు కందకం మానేసి, విడివిడి గుంటల్లో ఫుటింగులు వేసి, వాటి మీద నేల పైనుంచి బీము పరవాలి. గుంటలో లావు వేరు తగిలితే గుంటను జరపాలి. సెప్టిక్ ట్యాంకు, గొట్టాలు చెట్టుకు అవతలి పక్కకు పోవాలి. ఏసీల నుంచి కారే నీటిని, తేమ ఎక్కువున్న నెలల్లో అది బకెట్ల కొద్దీ ఉంటుంది, సన్నటి గొట్టంతో చెట్టు పాదుకు మళ్ళించాలి. టైల్స్ పరవాల్సి వస్తే సిమెంటు లేకుండా ఇసుక మీద, సందులు వదిలి పరవాలి.

సహంలో పనిచేసి కోనసీమలో ఇల్లు కట్టుకోబోయే మేస్త్రీకి ఈ వరస చేతి పనిగా అలవడితే, రెండు తీరాల మీదా మాన్లు మిగులుతాయి. వచ్చే శీతాకాలంలో సహం మైదానంలో చల్లటి రోజులు చూసి కొత్త ఇళ్ళ పనులు మొదలవుతాయి. జేసీబీని పిలిచే ముందే, నక్షా మున్సిపాలిటీకి వెళ్ళే ముందే, క్రూకీ మీద చెట్టున్న చోట ఒక వలయం గీసి దాని కొలత పక్కన రాయించమని ఇంజనీర్లను అడగాల్సింది యజమానులు. వాళ్ళు అడగకపోయినా గీసి చూపించాల్సింది ఆ కార్యాలయాల్లో కూర్చున్న తెలుగు ఇంజనీర్లు.